పాఠం మధ్యలో పోయే కరెంటు

పోయిన ఆదివారం పొద్దున వనపర్తిలో మా ఇంట్లో కరెంటు పోయింది. టీవీలో అప్పుడు ఒకాయన ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు శాతాలు లెక్కగట్టడం చెబుతున్నాడు. వస్తువు ధర పెంచి మళ్లీ తగ్గిస్తే చివరికి ఎంతవుతుందో చెప్పబోయి, నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే మాయమయ్యాడు. ఇలాంటప్పుడు ఎవరైనా విసనకర్ర వెతుక్కుంటారు. నేను మాత్రం గుమ్మంలోకి వచ్చి ఎదురింటి వరండాలో ఫ్యాను తిరుగుతోందా అని చూస్తాను. అదీ ఆగి ఉంటే వీధి చివర పిండిగిర్ని చప్పుడు వస్తోందా అని చెవి పెడతాను. గిర్ని కూడా ఆగిందని తేలాకే అది అసలైన కరెంటు కోత అని ఒప్పుకుని లోపలికి వస్తాను. నా వరస చూసి మా మేనకోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక్కడే కాలేజీలో చదువుతూ హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. మేనకోడలంటే రక్తసంబంధం కాదు, పుట్టింటి ఊరి వరస. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ నన్ను అక్కా అని పిలిచేవాడు, కాబట్టి ఈ పిల్లకు నేను అత్తను. మా ఇద్దరికీ ఈ చుట్టరికం గట్టిపడింది ఒక టీవీ ముందు, అదీ ఒక వానాకాలంలో.

బడులన్నీ మూసేసి పిల్లలకు టీవీలో పాఠాలు చెప్పిన వానాకాలం అది. నేను బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టి బతికేదాన్ని. బడే లేకపోతే యూనిఫాం ఎవరికి కావాలి? మిషను మీద దుప్పటి కప్పి, మల్దకల్ దగ్గర మా అమ్మ ఉండే ఊరికి వెళ్లిపోయాను. కొలతలు తీసే వృత్తి కావడం వల్ల ఎవరి మాటా ఒక పట్టాన నమ్మే అలవాటు నాకు లేదు. "పోయినేడు కొలతే సాలు" అని తల్లి అంటుంది, టేపు పెట్టి చూస్తే పిల్ల జానెడు పెరిగి ఉంటుంది. అలాంటి నాకే ఆ యేడు ఊళ్లో అనుమానాలు చూస్తే కళ్లు తిరిగాయి. ఎవరైనా తుమ్మితే చుట్టుపక్కల మూడిళ్ల తలుపులు పడేవి. పాలుపోసే మనిషి గిన్నె ముట్టుకున్నాడా లేదా అని అత్తాకోడళ్ల మధ్య పంచాయితీ నడిచేది. మా అమ్మయితే నేను బస్సు దిగి వచ్చిన రోజున గడప బయటే నిలబెట్టి, సబ్బు చేతికిచ్చి, నేను కాళ్లు చేతులు కడుక్కుంటుంటే పక్కనే నిలబడి చూసింది. కన్నకూతురి మడమల మీద అంత అపనమ్మకం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆ యేడు అందరికంటే ఎక్కువ అనుమానాలు మోసిన మనిషి వడ్డేపల్లామె. వడ్డేపల్లి నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది కాబట్టి ఊరంతా ఆమెను అలాగే పిలిచేవారు. మొగుడు పోయాక కూడా యేటా దసరా కాగానే కూలీలను పోగేసి తీసుకెళ్లే గుంపు మేస్త్రి వెంట పుణె పోయి, కట్టే బిల్డింగుల దగ్గర ఇసుక మోసి, వానలకు తిరిగి వచ్చేది. కూతురు, అంటే మా మేనకోడలు, అవ్వ దగ్గర ఉండి చదువుకునేది, అప్పటికి ఎనిమిదో తరగతి. పుణె పోయేవాళ్లు మూట కట్టేటప్పుడు అన్నిటికంటే పైన జొన్నరొట్టెలు కాల్చే ఇనప పెంక పెట్టి తాడు బిగిస్తారు. అక్కడ కొన్న పెనం మీద మన రొట్టె పొంగదని వాళ్ల నమ్మకం. అందుకని పొయ్యి మీదో గోడకో పెంక కనబడకపోతే ఆ ఇంటి మనిషి వలస పోయినట్టే లెక్క. ఆ యేడు వడ్డేపల్లామె పెంకతో సహా తిరిగొస్తే ఊరివాళ్లు ఆమెను పొలిమేరలోనే ఆపి, ఖాళీగా ఉన్న బడి గదిలో కొన్నాళ్లు ఉంచారు. కూతురు కిటికీ అవతల నిలబడి మాట్లాడి పోయేది. ఆమె బయటికి వచ్చాక కూడా ఎదురుపడ్డవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. "నన్ను జూసి బెదురుతుండ్రు గని, నేనే వీళ్లను జూసి బెదురుతున్న వదినె" అని నాతో అంది. అక్కడినుంచే మా స్నేహం మొదలైంది.

ఇక మా పెదనాన్న. ఊళ్లో సీడు పత్తి పెద్దయెత్తున వేసే రైతు. మామూలు పత్తికి, విత్తనాల కోసం వేసే ఈ పత్తికి పనిలో చాలా తేడా ఉంది. సాయంత్రం పూట ఆడ వరసల్లో మొగ్గల రెక్కలు, పుప్పొడి గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ వరసల పూలు తెచ్చి ఒక్కో మొగ్గకు అద్దాలి. దాన్ని అందరూ క్రాసింగ్ అంటారు. మంచు ఆరినప్పటినుంచి ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి, లేకపోతే ఆ పూట పూలన్నీ దండగ. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదని ఆడపిల్లలను పెట్టుకోవడం మా వైపు పాత అలవాటు. పిల్లలతో చేయించకూడదని ఎవరెంత చెప్పినా, వానాకాలం రాగానే బడిలో ఆడపిల్లల వరస పలచబడేది. ఒక్క కాలం క్రాసింగుకు పోయిన పిల్ల మళ్లీ బడికి రావడం అరుదు. వడ్డేపల్లామె చిన్నప్పుడు అట్లా పోయి రానిదే. తన కూతురు ఒక్క పువ్వు కూడా అద్దకూడదని ఆమె పట్టు.

పెదనాన్న ఎవరికైనా గడ్డపార ఎరువిస్తే, తిరిగొచ్చాక దాని మొన అరిగిందేమోనని వేలితో తడిమి చూసుకునే మనిషి. అలాంటాయన ఒకరోజు ఇంట్లో ఉన్న టీవీ తీసుకెళ్లి పత్తిచేను షెడ్డులో పెట్టించి, డిష్షు బిగించి, రీచార్జి చేయించి, "పిల్లలందరు వచ్చి పాఠాలు జూడుండ్రి" అని ఊళ్లో చెప్పించాడు. చాలా ఇళ్లలో టీవీలున్నాయి గానీ రీచార్జికి దిక్కులేక అటక ఎక్కాయి. ఊరు ఉప్పొంగిపోయింది. బడి సారు బండి మీద వచ్చి, టీవీ కింద పిల్లలను కూర్చోబెట్టి, పక్కన పెదనాన్నను నిలబెట్టి ఫోటో తీశాడు. మా అమ్మ మాత్రం ఈ సంగతి విని చేటలో బియ్యం చెరగడం ఆపి, "మీ పెదనాయన ఊకెనే నీళ్లు గూడ పొయ్యడు. ఏందో ఉన్నది" అంది. నాకూ లోపల అదే అనిపించింది. టీవీ పెట్టాలంటే ఊరి మధ్యలో ఆయనకు అంత ఇల్లుంది. పత్తి చేనులోనే ఎందుకు?

మొదటి రోజే వడ్డేపల్లామె కూతురి వెంట వచ్చి షెడ్డులో ముందు వరసలో కూర్చుంది. పెదనాన్న కనుబొమలు లేచాయి. "నీకేం పని ఈడ?" అన్నాడు. "నాకు గూడ పాఠమున్నది పటేలా. పిల్లల పాఠాలయినంక సదువు రాని పెద్దోళ్లకు చెప్తరంట, సారు చెప్పిండు. ముందుగాల వచ్చి జాగ పట్టుకుంటున్న" అంది. ఆ మాట నిజమే. పిల్లల పాఠాలు అయ్యాక పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే కార్యక్రమం ఒకటి వచ్చేది. ఆయన కండువా దులుపుకుని పోయి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అయితే ఈమె బాల కార్మికుల ఆఫీసుకు చెప్పి ఎవరినైనా తీసుకొస్తుందేమోనని ఆయనకు గుబులు. ఈయన పిల్లలను చేనులోకి దింపుతాడేమోనని ఆమెకు గుబులు. ఇద్దరూ టీవీ వైపు చూస్తున్నట్టే ఉండి ఒకరినొకరు కాపలా కాసుకునేవారు. నేను ఏ పనీ లేనిదాన్ని కాబట్టి రోజూ వెళ్లి, ఒక ఎరువు బస్తా మీద కూర్చుని ఇద్దరినీ చూసేదాన్ని.

టీవీ పంతులమ్మ మీద కూడా వడ్డేపల్లామెకు గురి లేదు. "ఏంది వదినె గిదేం సదువు? అడిగేది ఆమెనే, జవాబు చెప్పేది ఆమెనే. ఎవలున్నరో ఎవలు లేచి పోయిన్రో ఆమెకు తెల్వదు. గిట్ల ఊకెనే నవ్వెటోళ్లను నేను నమ్మ" అనేది. పెద్దవాళ్ల పాఠంలో ఒకసారి బస్సు బోర్డు చదవడం నేర్పారు. "చూశారా, ఇక మీరు ఎవరినీ అడగకుండా ప్రయాణం చేయవచ్చు" అని ఆ పంతులమ్మ సంతోషపడిపోతే, ఈమె తెరకు ఎదురుగా కొంగు దులుపుకుని "నేను బోర్డు సదవకనే పుణె దాక పోయొస్తున్న. రోడ్లు నాకు చెప్తవా?" అని జవాబిచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు. పుణె మాట వచ్చినప్పుడల్లా ఆ పిల్ల తల వంచుకుని చాపలో ఈనెలు పీకేది. అది నేను చూశాను గానీ, నా అనుమానమంతా అప్పుడు పెదనాన్న మీదే ఉంది.

కారణం కరెంటు. పాఠం మొదలై, లెక్క సగంలో ఉండగానో పద్యం అర్థం చెబుతుండగానో టీవీ ఆగిపోయేది. సరిగ్గా మంచు ఆరి, పూలు విచ్చుకున్న వేళకు. పిల్లలు కాసేపు చీకటి తెరను చూసి, విసుగొచ్చి బయటికి వచ్చేవారు. ఎదురుగా చేను. "కరెంటు వచ్చేదాంక ఊకె కూసుంటరా? జర రెండు వరసలు అద్దుండ్రి, బిస్కెట్లు తెప్పిస్త, పైసలు గూడ ఇస్త" అనేవాడు పెదనాన్న. రెండు వరసలు నాలుగయ్యేవి. ఎండ ముదిరాక ఆశ్చర్యంగా టీవీ మళ్లీ మాట్లాడేది, అప్పటికి పాఠాలూ అయిపోయేవి, పెద్దవాళ్ల పాఠమూ అయిపోయేది. వడ్డేపల్లామె కూతురి మోచెయ్యి పట్టుకుని కదలనివ్వకుండా కూర్చోబెట్టేది. కానీ పిల్లలంతా చేనులో నవ్వుకుంటూ పనిచేస్తుంటే ఒక్క పిల్లను ఎంతసేపు పట్టుకోగలదు? మంచినీళ్లకని మళ్లీ లేచిన పిల్ల అటునుంచి అటే చేనులోకి పోయేది. తల్లి వెళ్లి రెక్క పట్టి లాక్కొచ్చేది. వేళ్లకు పసుపు రంగు పుప్పొడి అంటి ఉంటే కొంగుతో రుద్ది రుద్ది తుడిచేది. తుడిచేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. తన వేళ్లు గుర్తొచ్చి ఉంటాయి.

నాకు రెండు సంగతులు మింగుడు పడలేదు. బోరు మోటారు ఒక్క నిమిషం ఆగితే చాలు, పెదనాన్న లైనుమన్‌కు ఫోను చేసి చెవులు చిల్లులు పడేలా అరిచే మనిషి. టీవీ ఆగినప్పుడు మాత్రం ఒక్కసారి కూడా ఫోను తీయలేదు. రెండోది వాన. ఏ ఊళ్లోనైనా నాలుగు చినుకులు పడగానే కరెంటు పోతుంది. మా పెదనాన్న షెడ్డులో మాత్రం వాన పడ్డ రోజునే కరెంటు నిక్షేపంగా ఉండేది. తడిసిన పూలకు క్రాసింగ్ చేయరు కదా! బస్సు బోర్డు పాఠం మేం చూడగలిగింది కూడా అలాంటి ఒక వాన రోజునే. ఈ మాట వడ్డేపల్లామెతో అంటే ఆమె నా మొహంలోకి చూసి, "నేను గట్లనే అనుకుంటున్న వదినె. పటేలు దినాం గా యాల్లకే లేసి వెనకకు పోతుండు" అంది. షెడ్డు వెనక గోడకు స్విచ్చిబోర్డు ఉంది. దాని పక్కనే మంచినీళ్ల డ్రమ్ము. పెదనాన్న పాఠం మధ్యలో లేచి అటు పోవడం నేనూ చూస్తూనే ఉన్నాను. "రేపు నువ్వు ఆడ కూసో. నీ పెదనాయన కదా, నిన్ను అనుమానించడు. నువ్వు కండ్లార జూసి చెప్పినంక ఊరందరి ముంగట అడుగుత" అని ఆమె అంది.

మర్నాడు పాఠం మొదలుకాగానే నేను షెడ్డు వెనక, పాత పత్తికట్టె మోపుల చాటున కూర్చున్నాను. చీమలు కుట్టాయి. లోపల టీవీలో పంతులమ్మ దేశాల సరిహద్దులు చెబుతోంది. అనుకున్నట్టే పెదనాన్న వచ్చాడు. అటూ ఇటూ చూసి, పంచె మడతలోంచి బీడీ తీసి ముట్టించాడు. డాక్టరు మానమన్నాడు, పెద్దమ్మ వాసన పట్టేస్తుంది, అందుకే ఈ చాటు. నేను ఆయన చేతివైపే చూస్తున్నాను. చెయ్యి బీడీకీ నోటికీ మధ్య తిరుగుతోందే తప్ప గోడ వైపు పోవడం లేదు. ఇంతలో వడ్డేపల్లామె కూతురు గ్లాసు పట్టుకుని వచ్చింది. నీళ్లు తాగింది. గ్లాసు కడిగి డ్రమ్ము మీద బోర్లించింది. తర్వాత ఇంట్లో దీపం ఆర్పినంత మామూలుగా చెయ్యెత్తి స్విచ్చి కిందికి నొక్కింది. పంతులమ్మ గొంతు ఆగిపోయింది. పెదనాన్న ఆ పిల్లను చూశాడు. చూసి, మొహం చేను వైపు తిప్పుకుని ఇంకో దమ్ము లాగాడు.

నేను చాటునుంచి లేచాను. ఇద్దరూ నన్ను చూశారు. లోపలినుంచి వడ్డేపల్లామె కూడా గెలిచినదానిలా పరుగున వచ్చింది. "పటేలేనా వదినె? జూసినవా?" అంది. పిల్ల చెయ్యి ఇంకా స్విచ్చి దగ్గరే ఉంది. తల్లి ఆ చేతిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆ చేతిని చూసింది.

"దినాం ఆర్పేది, మల్ల ఏసేది నువ్వేనా?" అంది.

పిల్ల తలూపింది.

"ఎందుకే? నీ సదువు కోసమని కూలి ఇడిసిపెట్టి గీ టీవీ ముందర కూసుంటున్న గదనే!"

"నేను క్రాసింగ్ చేస్తే పైసలొస్తయ్. పైసలొస్తే నువ్వు పుణె పోవు" అంది పిల్ల. అంతవరకూ గట్టిగానే అంది. తర్వాత స్విచ్చి మీంచి చెయ్యి తీసి వెనక దాచుకుంది. "బడి తెరిస్తే నన్ను అవ్వకాడ ఇడిసి పోతవ్. గందుకే పాఠం వద్దు నాకు."

వడ్డేపల్లామె కొట్టలేదు. కొడుతుందేమోనని నేను అడ్డం వెళ్లబోయాను గానీ ఆమె అట్లాగే గోడకు ఆనుకుని కూలబడింది. తలెత్తి పెదనాన్నను అడిగింది. "నువ్వు జూడలేదా పటేలా, ఇన్ని దినాలు?" ఆయన బీడీ చెప్పుతో నలిపాడు. "జూసిన. నేనేమన్న ఆర్పమన్ననా? పోరి సొంతంగ ఆర్పుతుంది" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆయన చెడ్డవాడని నేను చెప్పలేను, మంచివాడని చెప్పడానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు. ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఇంకెవరి మీదా రాలేదు. "స్విచ్చిబోర్డు ముందటికి జరుపు పెదనాయనా, అందరికి కనపడేటట్టు" అన్నాను. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి జరిపిపోయాడు. ఆ తర్వాత పాఠాలు పూర్తిగా నడిచాయి. నడిచాక కొంతమంది పిల్లలు చేనులోకి పోతూనే ఉన్నారు. వాళ్లను మేం ఆపలేకపోయాం.

ఆ సాయంత్రం వడ్డేపల్లామె మా ఇంటికి వచ్చింది. వెనక కూతురు. చంకలో మసిబట్టిన పెద్ద ఇనప పెంక, పుణె గుంపులో ఒంటరి మగవాళ్లకు కూడా రొట్టెలు కాల్చిపెట్టే పెంక. దాన్ని మా అమ్మ గడప మీద పెట్టి, "ఇది నీ దగ్గరుండనియ్ వదినె. వనపర్తి పోయేటప్పుడు తీస్కపో" అంది. పుణె పోనని కూతురికి చెప్పిందట, పిల్ల నమ్మలేదట. "అది నమ్మకపోవుడు గాదు, నన్ను నేనే నమ్మ. దసరా కాంగనే మేస్త్రి వచ్చి వాకిట్ల నిలబడితే నా కాళ్లు ఆగుతయా? పెంక ఇంట్ల లేకపోతే ఏం మూట గట్టుకొని పోత?" అంది. పిల్ల నా మొహంలోకి పరీక్షగా చూసి, "నిజంగనే తీస్కపోతవా అత్తా? మా అమ్మ వచ్చి అడిగితే ఇస్తవా?" అంది. ఇవ్వనన్నాను. "ఏడ్సుకుంట అడిగితే?" అంది. అయినా ఇవ్వనన్నాను. మా అమ్మ చేత కూడా ఆ మాట అనిపించుకున్నాకే ఆ పిల్ల గడప దిగింది.

ఆ యేడంతా వాళ్లింట్లో రొట్టె లేదు, కంట్రోలు బియ్యం అన్నమే. పెంక నా వెంట బస్సెక్కి వనపర్తి వచ్చింది. దసరా అయ్యాక మేస్త్రి వాకిట్లో నిలబడ్డాడని, వడ్డేపల్లామె లోపలికి పోయి తలుపేసుకుందని అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె చేలల్లో కూలి చేసే బతికింది, ఎట్లా బతికిందో నేను అడగలేదు. పిల్ల బడికి పోయింది. పై తరగతి యూనిఫాం నేనే కుట్టాను, కొలతలు తీసుకునేటప్పుడు నా టేపు మీద అంకెలు తనూ వంగి చూసుకుంది. తర్వాత వడ్డేపల్లామె సంతలో చిన్న పెనం ఒకటి కొనుక్కుంది, రెండు చేతులంత రొట్టె పట్టేది, ఇంటిమట్టుకే సరిపోయేది. పెద్ద పెంక గురించి ఏ రోజూ అడగలేదు. పెద్దవాళ్ల పాఠం చివరిదాకా చూసినా, టీవీ పంతులమ్మను మాత్రం ఆఖరి రోజువరకూ నమ్మలేదు.

పోయిన ఆదివారం కరెంటు చాలాసేపటికి గానీ రాలేదు. ఆ చీకటి టీవీ ముందు కూర్చుని ఇదంతా చెప్పుకుని నవ్వుకున్నాం. మేనకోడలు ఇప్పుడు నా భుజం దాటి పెరిగింది. బస్సు బోర్డులు చదివి వాళ్లమ్మను హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్లి తీసుకొస్తోంది. వచ్చే నెల దసరా. మా ఊరినుంచి ఈ యేడు కూడా గుంపు కదులుతుందని మాటల్లో వచ్చింది. కాసేపయ్యాక మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్లాసు చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించలేదు. నేను మెల్లగా వెళ్లి చూశాను. నూనె డబ్బాల వెనక, గోడకు కొట్టిన మేకుకు ఆ పెంక వేలాడుతోంది. పిల్ల దాన్ని వేళ్లతో ఒకసారి తడిమి, మేకు గట్టిగా ఉందో లేదో కదిపి చూసుకుంటోంది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఇన్నేళ్లు గడిచాయని నేననుకుంటున్నాను గానీ, ఆ పిల్లకు యేటా దసరా ముందు మళ్లీ ఎనిమిదో తరగతే వస్తుంది.